బుర్గుండీ షార్డనే వైన్‌కి అంత పులుపు ఎందుకు? బయోడైనమిక్ అంటే ఏమిటి?

ఆ పులుపు చలి చలవే. చల్లటి చోట ద్రాక్ష నెమ్మదిగా పండుతుంది, కాయలో పులుపునిచ్చే మాలిక్ ఆమ్లం తొందరగా తరిగిపోదు. అందుకే ఫ్రాన్స్‌లోని బుర్గుండీ ప్రాంతంలో షార్డనే అనే తెల్ల ద్రాక్షతో చేసిన వైన్ తాగితే పచ్చి ఆపిల్, నిమ్మతొక్క గుర్తొస్తాయి. వేడి ప్రాంతాల్లో పండినదైతే రుచి మాగిన అనాస వైపు పోతుంది.

ఇక బయోడైనమిక్ అంటే రసాయనాలు వాడకుండా, ఇలాంటి సహజ తయారీలతో మట్టిని పోషించే సాగు పద్ధతి. దీనికి 1924లో ఆస్ట్రియా తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ ఇచ్చిన ఉపన్యాసాలు మూలం. బుర్గుండీలోని పులిన్యీ-మోంట్రాషే ఊళ్లో వైన్ చేసే లెఫ్లేవ్ కుటుంబం 1990లో కొంత నేలలో ప్రయత్నించి చూసి, 1997లో తోటంతా ఈ పద్ధతికి మార్చింది. ఈ పద్ధతిలో ఆవు కొమ్ములో పేడ కూరి చలికాలమంతా భూమిలో పాతిపెడతారు. వసంతంలో తవ్వితీస్తే అది నల్లటి మట్టిలా, అడవి వాసనతో ఉంటుంది. దాన్ని గంటసేపు నీళ్లలో గిరగిరా తిప్పి నేలమీద చల్లుతారు. జీవామృతం కలిపిన మన రైతులకు ఇది వింతగా అనిపించదు. కొమ్ము మహిమను శాస్త్రం నిరూపించలేదు; నా దృష్టిలో అసలు బలం రసాయనాలు మానేసి మట్టిని కనిపెట్టుకుని ఉండటంలోనే ఉంది.