లీజెంట్ బర్బన్‌లో వైన్, షెర్రీ పీపాల రుచిని ఎలా గుర్తుపట్టాలి?

లీజెంట్ ఒక బర్బన్, అంటే ముఖ్యంగా మొక్కజొన్నతో చేసే అమెరికా విస్కీ. దాని సీసా మీద వైన్ పీపాలు, షెర్రీ (స్పెయిన్‌లో చేసే ఘాటైన వైన్) పీపాలు అని రాసి ఉన్నా మీకు మామూలు బర్బన్‌లాగే అనిపించిందని, తేడా ఎక్కడ వెతకాలని అడిగారు. తేడా తప్పకుండా ఉంది. కానీ ఆ ఒక్క సీసానే తాగుతూ ఉంటే అది దొరకదు. పక్కన ఇంకో గ్లాసులో మామూలు జిమ్ బీమ్ బర్బన్ పోసుకోండి. లీజెంట్‌కు ఆధారం అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో అదే జిమ్ బీమ్ కంపెనీ తీసే బర్బన్. రెండు గ్లాసుల్లోనూ ఉన్నది బర్బన్ సొంత గుణం, లీజెంట్‌లో మాత్రమే ఉన్నది తరువాతి పీపాలు ఇచ్చిన గుణం. నేను కెంటకీ సరిహద్దులో, సిన్సినాటిలో ఉంటాను. ఇలాంటి కొత్త సీసా ఏది తెరిచినా ఇదే పద్ధతి పాటిస్తాను.

ఒక జాగ్రత్త. జిమ్ బీమ్‌లో ఆల్కహాల్ 40 శాతం, లీజెంట్‌లో 47. ఆ ఘాటు తేడానే పీపా రుచిగా పొరబడే అవకాశం ఉంది. 30 మిల్లీలీటర్ల లీజెంట్‌కు ఒక టీ స్పూను, అంటే 5 మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే రెండూ దాదాపు సమానమవుతాయి. మొదట నీళ్లు లేకుండా ఒక గుక్క చూసి, ఆ తరువాతే కలపండి.

ఏ రుచి ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే వెతకడం సులువు. అమెరికా చట్టం ప్రకారం బర్బన్‌లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల బొగ్గయ్యేలా కాల్చిన కొత్త ఓక్ పీపాలో అది నిలవ ఉండాలి. కాల్చినప్పుడు కలపలోని లిగ్నిన్ అనే పదార్థం విడిపోయి వెనిలా వాసన వస్తుంది, కలపలోని చక్కెరలు మాడి పాకం వాసన ఇస్తాయి. ఈ రెండూ మీకు రెండు గ్లాసుల్లోనూ తగులుతాయి, వాటిని పక్కన పెట్టేయండి. వైన్, షెర్రీ పీపాల సంగతి వేరు. అవి ముందే వాడినవి, చెక్కలో ఇంకిన పాత ద్రవమే అక్కడ పని చేస్తుంది. షెర్రీ ఎండుద్రాక్ష, ఖర్జూరం, అక్రోటు వైపు లాగుతుంది. ఎర్ర వైన్ ముందు పండు రుచిగా తగిలి, మింగిన తరువాత నేరేడు పండు తిన్నట్టు నాలుక పక్కల వగరు మిగులుస్తుంది. నా నోటికి లీజెంట్‌లో షెర్రీ వాసనలోనే దొరుకుతుంది, వైన్ మాత్రం మింగాకే బయటపడుతుంది. అందుకే గుక్క మింగి వెంటనే ఇంకో గుక్క తీసుకోకండి. కాసేపు ఆగండి, మీకు దొరకని తేడా చాలావరకు ఆ విరామంలోనే ఉంటుంది.

ఈ విస్కీ మీద నాకు గౌరవం కలగడానికి కారణం దాన్ని కూర్చిన తీరు. 2019లో బీమ్ కుటుంబంలో ఏడో తరం వాడైన ఫ్రెడ్ నో, జపాన్ సంటోరీ సంస్థ ప్రధాన బ్లెండర్ (విస్కీలను పాళ్లు చూసి కలిపే నిపుణుడు) షింజీ ఫుకుయో కలిసి దీన్ని తెచ్చారు. మొత్తం బర్బన్‌ను వైన్ పీపాలోనో షెర్రీ పీపాలోనో ముంచలేదు. కొంత భాగం వైన్ పీపాల్లో, కొంత షెర్రీ పీపాల్లో ఉంచి, వాటిని మామూలు బర్బన్‌తో పాళ్లు చూసి కలిపారు. పీపా అతిగా పని చేస్తే బర్బన్ మాయమై తీపి వైన్ మిగులుతుంది. ఇక్కడ బర్బన్ బర్బన్‌గానే ఉంది. మీకు మామూలు బర్బన్‌లా అనిపించడంలో ఆశ్చర్యం లేదు, దాన్ని నేను మెచ్చుకునేదీ అందుకే.

రుచి చూసేటప్పుడు ఐసు, సోడా వద్దు. మన ఇళ్లలో గ్లాసు పక్కన చికెన్ పకోడీయో కారం పల్లీలో ఉండడం మామూలే, కానీ వాటిని తరువాతకు ఉంచండి. మిరప మంట, ఆల్కహాల్ మంట నోటిలో ఒకే గ్రాహకాన్ని తట్టి లేపుతాయి. కారం తిన్న నోటికి ఏ విస్కీ అయినా మంటగానే ఉంటుంది. గ్లాసు అంచు సన్నగా ఉంటే మంచిది. వాసన చూసేటప్పుడు నోరు కొద్దిగా తెరిచి ఉంచితే ముక్కు మండదు.

ఇంకో సీసా కొనాలనుకుంటే ముందు లేబుల్ చదవండి. ‘బ్లెండెడ్ బర్బన్ విస్కీ’ అని ఉంటే అందులో స్ట్రెయిట్ బర్బన్ 51 శాతమే ఉండి, మిగతాది రుచీ వాసనా లేని ధాన్యపు స్పిరిట్ కావచ్చు. ‘బ్లెండ్ ఆఫ్ స్ట్రెయిట్ బర్బన్’ అంటే అన్నీ కనీసం రెండేళ్లు పీపాలో ఉన్న బర్బన్‌లే. ఈ రెండో రకంలో లూయీవిల్‌లోని బారెల్ క్రాఫ్ట్ స్పిరిట్స్ వారి ఆర్మిడా చూడండి. పియర్ పండు బ్రాందీ, జమైకా రమ్, సిసిలీ అమారో (ఇటలీ చేదు మద్యం) పీపాల ఫినిష్, అంటే చివర్లో ఆ పీపాల్లో కొంతకాలం ఉంచడం, ఉన్నది. పీపాల ముద్ర లీజెంట్‌లో కంటే ఇందులో చాలా స్పష్టం. ఘాటు 50 శాతం దాటుతుంది కాబట్టి నీళ్లు దగ్గర పెట్టుకోండి.