పేవర్ బ్లాకులు కడిగే ముందు

అమ్మలూ,

గేటు నుంచి కారు షెడ్డు దాకా పరిచిన పేవర్ బ్లాకులు నాచుపట్టి నల్లబడ్డాయనీ, ప్రెషర్ వాషర్ కొందామనుకుంటున్నాననీ రాశావు. కొనుక్కో, తప్పులేదు. కాకపోతే మామూలుగా ఆ బ్లాకులను నిలబెట్టేది సిమెంటు కాదు, ఇసుక. కింద పరుపూ ఇసుకే, సందుల్లో ఉన్నదీ ఇసుకే. చక్రం ఒక బ్లాకు మీదికెక్కితే ఆ బరువు పక్కవాటికి పంచుకుపోయేది సందులోని సన్నిసుక వల్లనే. అది పోయిందా, బ్లాకులు కదులుతాయి, అంచులు ఒరుసుకుని పెచ్చులూడతాయి. నీళ్లు అడుగుకు దిగి కింది ఇసుకనూ లాక్కుపోతాయి.

అందుకని ముందు చీపురు, తర్వాతే నీళ్లు. నాచు ఎండి ఉన్నప్పుడు గట్టి ప్లాస్టిక్ బ్రష్‌తో గీకితే చాలావరకు ఊడొస్తుంది. ఇనుప తీగల బ్రష్ వద్దు, విరిగిన ముక్కలు తుప్పుపట్టి మరకలవుతాయి. కలుపు కూడా ఎక్కువగా కింది నుంచి వచ్చేది కాదు, గాలికి పడ్డ గింజలు సందుల్లోని మట్టిలో మొలిచేవే. పూత రాకముందే వేళ్లతో సహా లాగెయ్.

వాషర్‌కి విసనకర్రలా విచ్చుకునే నాజిల్ పెట్టు, సూదిలాంటి ధార వద్దు. ఓ అడుగు దూరంలో ఏటవాలుగా పట్టుకుని, సందు వెంబడి కాకుండా మూలగా నడిపించు.

యాసిడ్ పోస్తే తళతళలాడుతుందని ఎవరో ఒకరు చెప్పకపోరు. నమ్మకు. పై పొర సిమెంటును తినేసి కంకర బయటపెడుతుంది. దానికి బ్లీచింగ్ తోడైతే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ప్రాణం మీదికొస్తుంది. కొత్త బ్లాకుల మీద తెల్లటి పూత కనిపిస్తే మాత్రం టెన్షన్ పడకు. సిమెంటులోని సున్నం నీటితో పైకొచ్చింది, నాలుగు వానలు పడితే క్రమంగా అదే పోతుంది. ఆయిల్ పడితే రుద్దకుండా వెంటనే రంపపు పొట్టు చల్లి పీల్చనివ్వు, తర్వాత సర్ఫ్ నీళ్లతో కడుగు.

అసలు పని కడిగాక ఉంది, చాలామంది వదిలేసేదీ అదే. బ్లాకులు, సందులు పూర్తిగా ఎండనివ్వు. జల్లించి బాగా ఎండబెట్టిన సన్నిసుక పోసి, మూలగా ఊడుస్తూ సందుల్లోకి దింపు. తడి ఇసుకైతే పైనే ముద్దకట్టి, లోపల బోలుగా ఉండిపోతుంది. సన్నటి స్క్రూడ్రైవర్ గుచ్చి చూడు, జర్రున దిగిపోతే నిండనట్టే. చెక్క వేసి రబ్బరు సుత్తితో కొడుతూ పో, ఇసుక సర్దుకుంటుంది, మళ్లీ నింపు. బ్లాకు అంచు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు కిందికే ఉండాలి. కొన్ని వారాలయ్యాక ఇంకోసారి చూసుకో. మేస్త్రీ "సిమెంట్ పాలు పోసేస్తే ఓ పనైపోతుందమ్మా" అంటాడు. వద్దను. బ్లాకులు కాస్త కదిలేలా పరిచినవి కాబట్టి ఆ సిమెంటు పగిలిపోతుంది.

ఎక్కడైనా కుంగితే రెండు చదును స్క్రూడ్రైవర్లతో అటూ ఇటూ ఎత్తి బ్లాకు తియ్యి. మొదటిది మొండికేస్తుంది, మిగతావి సులువు. ఇసుక పోసి, పక్కవాటికంటే కాస్త ఎత్తుగా పెట్టి కొట్టు. అదే చోట మళ్లీ కుంగితే కింద పైపు లీకవుతోందేమో, అంచురాయి వదులైందేమో చూడాలి.

సీలర్, అంటే బ్లాకుల మీద రక్షణగా పూసే ద్రవం, దాని గురించి అడిగావు. ఆ తెల్లపూత పోయేదాకా ఆగు. తేమ ఉండగా వేస్తే అది లోపలే చిక్కుకుని పైన పాలపొరలా కనిపిస్తుంది, తీయడం చచ్చే చావు.

ఆశీస్సులతో,
మీ మామయ్య