బొమ్మ దగ్గర ఆగు, పేజీ తర్వాత తిప్పొచ్చు

అమ్మాయీ,

డీఎస్సీలో పోస్టు వచ్చి బడిలో చేరావో లేదో హెడ్మాస్టరు గారు లైబ్రరీ చార్జి కూడా నీకే అప్పజెప్పారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఒకటి, రెండు తరగతుల పిల్లలకి బొమ్మల పుస్తకాలు ఎలా చదివి వినిపించాలో నన్ను అడగాలనుకుంటున్నావట. నువ్వు అడక్కపోయినా చెప్పేదాన్నే. నా సర్వీసంతా పల్నాడు పల్లెటూళ్ళలో ఇదే పని చేశాను, రిటైరయ్యాక కూడా మా వీధి చివర బడికి వెళ్ళి చదువుతూనే ఉన్నాను.

ముందు ఆ బీరువా తాళం తియ్యి. చాలా బళ్ళలో పుస్తకాలు లేకపోవడం కాదు సమస్య, ఉన్నవి బయటికి రాకపోవడం. పుస్తకం పోతే జీతంలోంచి కట్టమంటారేమో, ఆడిట్‌లో అడుగుతారేమో అన్న టెన్షన్ ప్రతి టీచరుకీ ఉంటుంది. అందుకని మొదటి వారంలోనే హెడ్మాస్టరు గారితో మాట్లాడి, చిరిగినవీ పోయినవీ ఎప్పటికప్పుడు స్టాకు రిజిస్టర్లో రాసి ఆయన సంతకం తీసుకునేలా ఒప్పందం చేసుకో. తర్వాత ఓ నలభై పుస్తకాలు ఏరి, గోడ పొడుగునా పిల్లల ఛాతీ ఎత్తులో తాడు కట్టి, అట్ట బయటికి కనిపించేలా బట్టల క్లిప్పులతో పట్టించు. మధ్యకి తెరిచి తాడు మీద ఆరేస్తే నెల తిరక్కుండా పిన్నుల దగ్గర కాగితం తెగిపోతుంది, అలా చెయ్యకు. రెండు మూడు వారాలకోసారి పుస్తకాలు మార్చు, కానీ పిల్లలు అస్తమానం తీసుకునేవాటిని మాత్రం తాడు మీదే ఉంచు.

ఇక చదవడం. ఏ పుస్తకం అయినా ముందు రోజు రాత్రి ఇంట్లో గట్టిగా ఒకసారి చదువుకో, బొమ్మలు మాత్రం రెండుసార్లు చూడు. బొమ్మల పుస్తకంలో సగం కథ మాటల్లో ఉండదు. మాటల్లో అమ్మాయి సంతకి వెళ్ళిందని మాత్రమే ఉంటుంది, బొమ్మలో ఆ అమ్మాయి వెనకాలే ప్రతి పేజీలో ఒక పిల్లి నక్కి నక్కి వస్తూ ఉంటుంది, పుస్తకం మొత్తంలో దాని గురించి ఒక్క మాట కూడా ఉండదు. నీకంటే ముందు పిల్లలే దాన్ని పట్టుకుంటారు. వాళ్ళు పట్టుకునే దాకా నువ్వు నోరు విప్పకు. నీకు చెప్పాలనుకున్న వాటన్నిటిలోకీ నాకు ముఖ్యమైనది ఇదే. అక్షరాలు ఇంకా రాని పిల్లకి కూడా బొమ్మ చదవడం వచ్చు, ఆ చదువుకి టైము కావాలి, ఆ టైము ఇవ్వడమే నీ పని. మనం వాక్యం అయిపోగానే పేజీ తిప్పేస్తాం, ఎందుకంటే మన కళ్ళు అక్షరాల మీద ఉంటాయి. వాళ్ళ కళ్ళు అప్పటికి బొమ్మలో ఒక మూలే చూసి ఉంటాయి. వాక్యం చదివాక మనసులో పది లెక్కపెట్టుకుని అప్పుడు తిప్పు. మొదట్లో ఆ నిశ్శబ్దం నీకు ఇబ్బందిగా ఉంటుంది, ఉండనీ.

పుస్తకం పట్టుకోవడం కూడా నేర్చుకోవాల్సిన పనే. ఒడిలో పెట్టుకుని చదివి, తర్వాత ఎత్తి అటూ ఇటూ ఒకసారి ఊపి చూపిస్తే వెనక వరసకి ఏమీ కనిపించదు. భుజం పక్కగా, కింది అంచు మధ్యలో పట్టుకో, బొటనవేలు బొమ్మ మీదికి రాకూడదు. నువ్వు కిటికీకి ఎదురుగా కూర్చో, పిల్లలు కిటికీకి వీపు పెట్టి పట్టా మీద కూర్చుంటారు, అప్పుడు వెలుతురు పేజీ మీద పడుతుంది. నున్నటి కాగితమైతే ట్యూబులైటు మెరుపు కొడుతుంది, కాస్త ముందుకి వంచు. పాతిక మందికి మించితే రెండు జట్లుగా చెయ్యి. స్మార్ట్ టీవీలో వేసి చూపించమని ఎవరైనా అంటే, గది నిండా పిల్లలున్న రోజున సరే, మిగతా రోజుల్లో కాగితమే నయం, అది వాళ్ళ చేతికి వెళ్తుంది కదా.

అట్ట దగ్గర మొదలుపెట్టు. పేరు, రాసినవాళ్ళ పేరు, బొమ్మలు వేసినవాళ్ళ పేరు, మూడూ ప్రతిసారీ చదువు. బొమ్మ ఎవరో ఒక మనిషి కూర్చుని వేశారని తెలిస్తే పిల్లలు ఆ మనిషితో వాదనకి దిగుతారు. మా బడిలో ఒక పుస్తకంలో మేక బొమ్మ వచ్చింది. మేకలు కాచుకునే ఇంటి పిల్లవాడు లేచి వచ్చి, కొమ్ము మీద వేలు పెట్టి, "ఇది మేక కాదు టీచర్, కొమ్ము పొట్టేలుది" అన్నాడు. చూస్తే నిజమే, కొమ్ము మెలి తిరిగి చెవి పక్కకి వచ్చింది. ఇంకొకడు గడ్డం ఉంది కాబట్టి మేకే అన్నాడు. క్లాసు రెండుగా చీలిపోయింది, కథ అక్కడే ఆగిపోయింది, బెల్లు కొట్టే దాకా మేక కొమ్ములూ గొర్రె కొమ్ములూ బోర్డు మీద వేస్తూనే ఉన్నారు. ఆ రోజు కథ పూర్తి కాలేదని ఎవరూ అడగలేదు, మర్నాడు మాత్రం ఆ పుస్తకం కోసం కొట్టుకున్నారు. ఇలాంటిది వచ్చినప్పుడు "సరే సరే, కూర్చో" అనకు, దయచేసి.

ప్రశ్నల సంగతి గట్టిగానే చెప్తున్నాను. కథ అవగానే "ఈ కథలో నీతి ఏమిటి?" అని అడగొద్దు. "అబద్ధం ఆడకూడదు టీచర్" అని కోరస్‌గా అంటారు, పుస్తకం ఏదైనా అదే జవాబు. "ఇందులో ఎన్ని కాకులున్నాయి, రంగేమిటి" అంటూ ప్రతి పేజీనీ పరీక్ష చెయ్యొద్దు. "ఇంకా ఏం కనిపిస్తోంది?" అని అడిగి ఊరుకో. ఒకరు ఏదైనా చెబితే "అది నీకెక్కడ కనిపించింది?" అని అడుగు, వచ్చి వేలు పెట్టి చూపిస్తారు. అంతే చాలు. చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాలూ అసెస్‌మెంట్లూ ఉంటాయి, వాటికి వేరే పీరియడ్లు ఉన్నాయి. మండల విద్యాధికారి, అదే ఎంఈఓ గారు వచ్చి లైబ్రరీ పీరియడ్‌లో పిల్లలు ఏం నేర్చుకున్నారని అడిగితే, ఒక పుస్తకం పిల్లల చేతికిచ్చి చెప్పమను, ఆయనే వింటారు.

భాష గురించి. మీ బడికి తండా పిల్లలు వస్తారని విన్నాను. మిరపకోతల రోజుల్లో కర్నూలు వైపు నుంచి వలస వచ్చిన కుటుంబాల పిల్లలు కూడా చేరొచ్చు. ఇంట్లో లంబాడీ మాట్లాడే పాప బొమ్మ చూసి తన భాషలో చెబితే చెప్పనివ్వు, పక్కనున్న పిల్లే నీకు తెలుగులో చెబుతుంది. పుస్తకంలో ఉన్న తెలుగుని మాత్రం ఉన్నదున్నట్టు చదువు. మాట మాటకీ ఆగి అర్థం చెబితే కథ చచ్చిపోతుంది, చాలా మాటలకి బొమ్మే అర్థం చెబుతుంది. తెలుగూ ఇంగ్లీషూ రెండూ ఉన్న పుస్తకాలైతే ఒక వాక్యం ఇటూ ఒక వాక్యం అటూ చదవకు. ఒక రోజు మొత్తం తెలుగులో, ఇంకో రోజు మొత్తం ఇంగ్లీషులో. బొమ్మలు అప్పటికే తెలుసు కాబట్టి రెండో రోజు ఇంగ్లీషుకి భయపడరు.

"మళ్ళీ చదువు టీచర్" అంటే చదువు. అదే పుస్తకం వారంలో మూడుసార్లైనా సరే. పది పన్నెండు నిమిషాలు నువ్వు చదివి, మిగతా పీరియడ్ అంతా తాడు మీద నుంచి వాళ్ళకి నచ్చినవి తీసుకోనివ్వు. ఇద్దరు ఒక పుస్తకం మీద పడుకుని చూస్తుంటే అదీ చదవడమే. లెక్కల సిలబస్ మిగిలిందని ఆ పీరియడ్ ఎవరైనా అడిగితే ఇవ్వకు, ఈ ఒక్క విషయంలో కాస్త మొండిగా ఉండు.

పుస్తకాలు ఇంటికి కూడా పంపించు. అమ్మకి చదువు రాకపోతే మరీ పంపించు. కోతకి వెళ్ళి వచ్చిన అమ్మకి పిల్ల బొమ్మలు చూపిస్తూ కథ చెప్పుకుంటుంది, నాయనమ్మ ఉంటే ఆవిడ ఇంకో కథ కలుపుతుంది. పుస్తకం పసుపు మరకలతో తిరిగొస్తుంది, తుడిచి తాడుకి పెట్టు. పిన్నులు ఊడితే సూదీ దారంతో మధ్యలో మూడు కుట్లు వెయ్యి, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకునే వెయ్యి.

కొనేటప్పుడు, సమగ్ర శిక్షా గ్రాంటు వచ్చినప్పుడు, నీకు చెప్పకుండా ఎవరో కట్ట కట్టి పంపించేదాకా ఊరుకోకుండా నువ్వే ఏరుతానని ముందే అడుగు. 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళవి, నేషనల్ బుక్ ట్రస్ట్‌వి, తూలికావి, ప్రథమ్ బుక్స్‌వి తెలుగులో దొరుకుతాయి. ప్రథమ్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో అయితే ఉచితంగానే డౌన్‌లోడ్ చేసుకుని ప్రింటు తీసుకోవచ్చు. వాటి మీద ఒకటి నుంచి నాలుగు దాకా స్థాయి వేసి ఉంటుంది, అది పిల్లలు సొంతంగా చదువుకోవడానికి లెక్క. నువ్వు చదివి వినిపించేటప్పుడు ఒకటో తరగతికి కూడా రెండో స్థాయి, మూడో స్థాయి పుస్తకాలు భేషుగ్గా పనికొస్తాయి. కొత్త సంవత్సరం రోజుల్లో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్ళు, అట్ట చూసి కొనకు, లోపల బొమ్మలు చూడు. అమ్మ ఎప్పుడూ పొయ్యి దగ్గరే, నాన్న ఎప్పుడూ పేపర్ చదువుతూనే ఉన్నవి, చివరి పేజీలో నీతి పెట్టెకట్టి వేసినవి పక్కన పెట్టెయ్యి. మాటల్లేని పుస్తకాలు రెండైనా తీసుకో.

ఈ ఆదివారం ఆ బీరువాలో ఉన్న పుస్తకాల అట్టలన్నీ ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టు. వాటిలో ఒకటో తరగతికి ముందు ఏవి చదవాలో గుర్తు పెట్టి పంపిస్తాను.

మీ పిన్ని