రవాణా చేశారా, ద్వీపాంతరం పంపారా?

సందేహం: ఎనిమిదో తరగతి పిల్లల కోసం ఒక చరిత్ర వ్యాసం రాస్తున్నాను. అందులో "చిల్లర దొంగతనాలు చేసిన దొంగ పిల్లలను బ్రిటిష్ ప్రభుత్వం ఆస్ట్రేలియాకు రవాణా చేసింది" అని రాస్తే, మనుషులను రవాణా చేయడమేమిటని తోటి టీచర్ అడిగారు. ద్వీపాంతరవాసం అందామంటే ఆస్ట్రేలియా ఖండం కదా? ఏది సరైనది?
— ఒక ఉపాధ్యాయురాలు, తెనాలి

సమాధానం: మీ తోటి టీచర్ సరిగ్గా పట్టుకున్నారు. రవాణా ఫారసీ మాట. హిందీలో మనిషి బయల్దేరినా 'రవానా' అయ్యాడనే అంటారు. మన దగ్గరికి వచ్చేసరికి అది సరుకు మాట అయిపోయింది: ధాన్యం రవాణా, ఇసుక రవాణా. మనుషుల విషయంలో ఎక్కువగా వినిపించేది రెండు చోట్లే. ఒకటి ప్రజా రవాణా, రెండోది ముఠాలు చేసే మనుషుల అక్రమ రవాణా. మీ వాక్యం చదివిన పిల్లలకు ఆ రెండోదే తడుతుంది. కోర్టు విచారించి, ఇన్నేళ్లని శిక్ష వేసి, ప్రభుత్వమే ఓడ ఎక్కించిందన్న అసలు సంగతి వాళ్లకు అందదు.

ఆ శిక్షకు తెలుగులో ఎప్పటి నుంచో పేరుంది: ద్వీపాంతరవాస శిక్ష. 1858లో అండమాన్‌లో ఖైదీల స్థావరం ఏర్పడ్డాక మనవాళ్లకు అది బాగా తెలిసిన మాట, భయపెట్టిన మాట. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ఆ శిక్ష అనుభవించి వచ్చినవాడే. తర్వాత 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1955లో శిక్షాస్మృతిని సవరించి దాని స్థానంలో యావజ్జీవ కారాగార శిక్షను పెట్టారు. అప్పటి నుంచి మాట వాడుకలో పలచబడింది. పిల్లలకు తెలియదని వదిలేయకండి. ఒక్క వాక్యంలో అర్థం చెప్పి వాడండి, వాళ్లకు ఒక కొత్త మాట వస్తుంది. ప్రవాసం మాత్రం వద్దు. ఇవాళ ప్రవాసాంధ్రులు అనగానే కళ్లముందుకొచ్చేది వేరు. దేశబహిష్కరణలో వెళ్లగొట్టడమే ఉంది, ఫలానా చోటే ఉండి చాకిరీ చేయాలన్న భాగం లేదు.

ఇక ఖండం సంగతి. ద్వీపాంతరంలో 'అంతరం' అంటే మధ్య అని కాదు, మరొకటి అని. దేశాంతరం మరో దేశం, రూపాంతరం మరో రూపం. అలాగే ఇది మరో ద్వీపం. ద్వీపం అన్న మాట కూడా పూర్వం ఇంత చిన్నది కాదు. పూజలో సంకల్పం చెప్పుకునేటప్పుడు "జంబూద్వీపే" అంటాం కదా, అది చిన్న దీవి కాదు, మహా భూభాగం. కాబట్టి ఆస్ట్రేలియాకు ఆ మాట చక్కగా సరిపోతుంది. ఇంగ్లీషు తీర్పుల్లోనూ 'సముద్రాల అవతలికి' అనే రాసేవారు.

నాకు ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది మీరు అడగని మాట: 'దొంగ పిల్లలు'. దొంగ నోటు, దొంగ ఏడుపు, దొంగ నిద్రల్లో దొంగ అంటే నకిలీ. దొంగ పిల్లలు అంటే దొంగకు పుట్టిన పిల్లలనీ అనుకోవచ్చు, పుట్టుకతోనే దొంగలనీ అనుకోవచ్చు. తిరగేసి 'పిల్ల దొంగలు' అన్నా తిరకాసే. పిల్లకాలువలో లాగా పిల్ల అంటే చిన్నదని కూడా అర్థం, పైగా ముద్దు చేసినట్టు ఉంటుంది. 'బాల నేరస్థులు' తర్వాతి కాలపు చట్టాలతో వచ్చిన మాట. ఆ రోజుల్లో పెద్దవాళ్లకు వేసిన శిక్షే పిల్లలకూ వేసేవారు, వాళ్లకు వేరే పేరు పెట్టి వేరుగా చూసిందే తక్కువ. 'దొంగతనం చేసిన పిల్లలు' అనండి. చేసిన పని చెప్పినట్టూ ఉంటుంది, పిల్లలు పిల్లలుగానూ మిగులుతారు.

జాన్ హడ్సన్‌నే చూడండి. లండన్‌లో పొగగొట్టాల్లోకి దూరి మసి దులిపే కుర్రాడు. 1783లో ఒక ఇంట్లోంచి నార చొక్కా, ఐదు పట్టు మేజోళ్లు, పిస్తోలు, రెండు ఏప్రన్లు పోయిన కేసులో దొరికాడు. కోర్టులో వయసు అడిగితే తొమ్మిదో ఏడని చెప్పాడు. అమ్మానాన్నల గురించి అడిగితే చనిపోయారన్నాడు. ఏడేళ్ల ద్వీపాంతరం వేశారు. 1787 మే 13న ఇంగ్లండ్ నుంచి ఖైదీలతో బయల్దేరిన తొలి జట్టు 11 ఓడల్లో వాడూ ఉన్నాడు. సిడ్నీ తీరంలో దిగేనాటికి 13 ఏళ్లుంటాయి. 1868లో ఆఖరి ఓడ చేరేదాకా ఆస్ట్రేలియాకు అలా వెళ్లినవాళ్లు, పెద్దా చిన్నా కలిసి, లక్షా అరవై వేలకు పైనే. టాస్మేనియాలో 1834లో మగపిల్లలకే ఒక జైలు కట్టారు. దాని పేరు పాయింట్ ప్యూయర్. ప్యూయర్ అంటే లాటిన్‌లో పిల్లవాడు. అక్కడ వడ్రంగం, చెప్పులు కుట్టడం నేర్పేవారు, మాట వినకపోతే కొరడా దెబ్బలూ ఉండేవి.

ఇన్ని చదివాక రవాణా అన్న మాటకు ఒక్క చోటు ఉందనిపిస్తుంది. 1790లో వెళ్లిన రెండో జట్టు ఓడల కాంట్రాక్టర్లకు ఎక్కించుకున్న తలకు ఇంత అని డబ్బిచ్చారు, ప్రాణాలతో దింపినందుకు కాదు. మూడు ఓడల్లో దాదాపు నాలుగో వంతు మంది దారిలోనే చనిపోయారు. ఆ సంగతి రాసేటప్పుడు "సరుకులా రవాణా చేశారు" అనండి, తప్పులేదు. మీ వాక్యాన్ని మాత్రం నేనైతే ఇలా రాస్తాను: "చిల్లర దొంగతనం చేసిన పిల్లలకు కూడా బ్రిటిష్ కోర్టులు ద్వీపాంతరవాస శిక్ష వేసి ఆస్ట్రేలియాకు పంపాయి."