వారానికి మూడు రాత్రులే లారీ నడుపుతాను: షుగర్, గురక ఉంటే ఇబ్బందా?

ప్రశ్న: నా వయసు 46. ఇరవై ఏళ్లుగా ఆఫీసులో లెక్కలు చూసే ఉద్యోగంలో ఉన్నాను. ఆ పనిని సగానికి తగ్గించుకుని, వారానికి మూడు రాత్రులు లారీ నడపాలనుకుంటున్నాను. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. గురక బాగా పెడతానని మా ఆవిడ అంటుంది. పార్ట్‌టైమే కాబట్టి ఫర్వాలేదా? ఫిట్‌నెస్ పరీక్షలో గురక సంగతి కూడా చెప్పాలా?

సమాధానం: మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే, లారీ నడపడానికి మీకు తొలగించలేని అడ్డంకి ఏదీ కనిపించడం లేదు. అయితే మీ ప్రశ్నలో నాకు ఎక్కువ ఆందోళన కలిగించినది ‘పార్ట్‌టైమే కాబట్టి’ అన్న మాట. ఉదయం 6 గంటలకు లేచి, ఆఫీసు పని ముగించుకుని, రాత్రి 9 గంటలకు స్టీరింగ్ ముందు కూర్చున్నారనుకోండి. బండి కదలకముందే మీరు 15 గంటలు మేలుకుని ఉన్నట్టు లెక్క. మరో రెండు గంటలు గడిచేసరికి అది 17 గంటలవుతుంది. అంతసేపు నిద్ర లేకుండా ఉన్న మనిషి స్పందించే వేగం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి పడిపోతుందని ప్రయోగాల్లో తేలింది. పగలంతా నిద్రపోయి రాత్రి బండి ఎక్కే పూర్తికాలపు డ్రైవరు ఈ విషయంలో మీకంటే మెరుగైన స్థితిలో ఉంటాడు. కాబట్టి స్టీరింగ్ పట్టిన గంటలను కాకుండా, నిద్ర లేచినప్పటి నుంచి గడిచిన గంటలను లెక్కపెట్టుకోండి. ట్రిప్పు ఉన్న రోజున ఆఫీసు పని పెట్టుకోకపోవడం, మధ్యాహ్నం కనీసం గంటన్నర నిద్రపోవడం మీకు తప్పనిసరి.

రాత్రి 2 గంటల నుంచి తెల్లవారుజామున 6 వరకు శరీర గడియారం మనిషిని నిద్రవైపే లాగుతుంది. ఆ వేళలో వచ్చే కునుకు వచ్చినట్టు కూడా తెలియదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్లు రెప్పలు వాలితే, లారీ దాదాపు 90 మీటర్లు డ్రైవరు లేకుండా వెళ్లినట్టే. కిటికీ అద్దం దించడం, పాటల శబ్దం పెంచడం వల్ల ఒరిగేదేమీ లేదు. దాటొచ్చిన కూడలి గుర్తుకు రాకపోయినా, బండి గీత మీదికి జరుగుతున్నా, సురక్షితమైన చోట ఆపి, ఒక కప్పు కాఫీ తాగి వెంటనే 15 నుంచి 20 నిమిషాలు పడుకోండి. కాఫీ పనిచేయడానికి సుమారు అంతే సమయం పడుతుంది కనుక రెండూ కలిసివస్తాయి. లేచిన తర్వాత మత్తు వదిలేదాకా కొన్ని నిమిషాలు నడిచి, ఆ పైనే బయలుదేరండి. ఇది తాత్కాలిక ఉపాయమే. పూర్తి నిద్రకు బదులు కాదు.

ఇక గురక. గురక పెట్టే మనిషి తన గురక గురించి తానుగా చెప్పడం నేను అరుదుగా చూశాను. చెప్పేది పక్కన పడుకునేవారే. అందువల్ల మీ శ్రీమతిని ఒక్క మాట అడగండి: గురక మధ్యలో ఊపిరి ఆగినట్టయి, కాసేపటికి ఉక్కిరిబిక్కిరవుతూ మళ్లీ అందుకుంటున్నారా? అవునంటే స్లీప్ అప్నియా ఉందేమోనని అనుమానించాలి. ఇందులో శ్వాస 10 సెకన్లు, అంతకు మించి కూడా ఆగుతుంది. గంటకు ఐదుసార్లు దాటితే అసాధారణంగా, 30 దాటితే తీవ్రంగా పరిగణిస్తాం. రాత్రంతా పడుకున్నా ఉదయం తలనొప్పి, పగలు మగత, బీపీ పెరగడం దీని లక్షణాలు. అధిక బరువు, లావాటి మెడ ఉన్నవారిలో ఇది ఎక్కువ. స్లీప్ స్టడీ, అంటే నిద్రలో శ్వాస ఎలా నడుస్తోందో నమోదు చేసే పరీక్ష, చేయిస్తే సంగతి తేలిపోతుంది. తీవ్రత ఎక్కువగా ఉంటే, నిద్రలో మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపి శ్వాసదారి మూసుకుపోకుండా చూసే సీప్యాప్ యంత్రం ఇస్తారు. దాన్ని క్రమంగా వాడేవారిలో పగటి మగత బాగా తగ్గుతుంది.

షుగర్ విషయానికొస్తే, మెట్‌ఫార్మిన్ ఒక్కదానితో షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్‌తో మాత్రం, ముఖ్యంగా భోజనం ఆలస్యమైనప్పుడు, పడిపోవచ్చు. లారీ పనిలో భోజనం వేళకు దొరకడం మీ చేతిలో ఉండదు. అలాగని మాత్రను మీరే మానేయకండి; కొత్త పని సంగతి చెప్పి, లో షుగర్ ముప్పు తక్కువగా ఉండే మందుకు మార్చడం కుదురుతుందేమో మీ డాక్టరును అడగండి. ఈ మందు వాడినంత కాలం బయలుదేరే ముందు, ఆ తర్వాత రెండేసి గంటలకు గ్లూకోమీటరుతో చూసుకోవాలి. మీటరులో 90 (mg/dL) లేదా అంతకంటే తక్కువ ఉంటే ఏదైనా తిన్న తర్వాతే కదలాలి. చెమటలు, వణుకు, చూపు మసకబారడం అనిపిస్తే బండి పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి, డ్రైవరు సీటులోంచి జరిగి 15 గ్రాముల గ్లూకోజు తీసుకుని, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూసుకోండి. మీటరులో అంకె మామూలు స్థాయికి వచ్చినా మెదడు కుదుటపడటానికి ఇంకొంత సమయం పడుతుంది. అప్పటి నుంచి 45 నిమిషాలు ఆగండి. గ్లూకోజు పొట్లం సామాన్ల సంచిలో కాదు, కూర్చున్నచోట చేతికి అందేలా ఉండాలి.

రెటీనా పరీక్ష ఏటా చేయించుకోండి. కంటిలో చుక్కల మందు వేసిన రోజున బండి తీయకండి. జలుబు మాత్రలు, సిరప్‌లలో మగత కలిగించేవి చాలా ఉన్నాయి కనుక ట్రిప్పు ముందు అడగకుండా వేసుకోవద్దు.

నడుము గురించి మీరు అడగలేదు గానీ, కొత్తగా వచ్చేవారిని మొదట పట్టేది అదే. గంటల తరబడి కుదుపుల్లో కూర్చున్న వెన్నుపూసల మధ్య డిస్కులు దిగగానే బరువెత్తడానికి సిద్ధంగా ఉండవు. క్యాబిన్ నుంచి దూకకుండా, పిడి పట్టుకుని బండివైపు ముఖం పెట్టి మెట్టు మెట్టుగా దిగి, నాలుగైదు నిమిషాలు నడిచాకే లోడు మీద చెయ్యి వేయండి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, నొప్పి పెడితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అదే రోజు చూపించుకోవాలి.

ఫిట్‌నెస్ పరీక్షలో గురక సంగతి తప్పకుండా చెప్పండి. సాధారణంగా అభ్యంతరం పెట్టేది చికిత్స తీసుకోని, పగలు కునుకు తెప్పించే అప్నియాకే. చికిత్సతో అదుపులో ఉన్నదానికి కాదు. స్లీప్ స్టడీ రిపోర్టు చేతికి వచ్చేవరకు శిక్షణకు డబ్బు కట్టకుండా ఆగండి. మీ ఆఫీసు పనిని సగం చేసుకునే లేఖ కూడా అప్పటిదాకా ఇవ్వకండి.