నాటకం నేర్చుకోవాలంటే ముందు పుస్తకమా, ప్రదర్శనా?

హనుమకొండలో డిగ్రీ చదువుతూ ఇలా అడిగారు కాబట్టి చెబుతున్నాను: రెండూ ఒకే వారంలో మొదలుపెట్టండి.

భరతుడి నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగుగా చెబుతుంది: ఆంగికం (ఒంటి కదలికలు), వాచికం (మాట, గొంతు), ఆహార్యం (వేషం, అలంకరణ), సాత్త్వికం (లోపలి భావం బయటపడటం). కంఠస్థం చేస్తే ఇవి పేర్లుగానే మిగులుతాయి. అదే వారం, డోలు దరువుల మధ్య కథ చెప్పే తెలంగాణ జానపద కళ ఒగ్గు కథకు వెళ్లి కూర్చోండి. కథ చెబుతున్న మనిషే కండువా తలమీదికి లాక్కుని తల్లి అవుతాడు. మరుక్షణం దాన్ని నడుముకు బిగించి వీరుడవుతాడు. డోలు వేగం మారగానే గొంతూ మారుతుంది. ఆహార్యం, ఆంగికం, వాచికం మూడూ ఒక్క నిమిషంలో కళ్లముందే జరిగిపోతాయి. ఇంటికొచ్చి ఆ నిమిషాన్ని మీరే చేసి చూడండి. కండువా ఎప్పుడు లాగాలో తెలియక చేతులు తడబడతాయి. నా దృష్టిలో అసలు చదువు అక్కడే మొదలవుతుంది.

తెలంగాణ జానపద నాటకం చిందు యక్షగానం మరో పాఠశాల. జనగామ ప్రాంత చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ప్రదర్శనకు రెండు గంటల ముందే వెళ్లి, అనుమతి అడిగి, ముఖానికి రంగు వేసుకోవడం చూడండి. మామూలు మనిషి పాత్రగా మారే ఆ సమయం రంగస్థలం మీద కనిపించదు.

కాకతీయుల కాలపు నృత్యం పేరిణి మీద ఆసక్తి ఉంటే, ఆ కాలపు సేనాపతి జాయప సేనాని రాసిన నృత్యశాస్త్ర గ్రంథం ‘నృత్తరత్నావళి’ చదివి, రామప్ప గుడిలోని నాట్య శిల్పాల ముందు నిలబడండి. శిల్పంలోని మోకాలి వంపును మీ ఒంటితో పట్టి చూడండి.