అర్జీ నుంచి ప్రకటన దాకా: అమెరికా స్వాతంత్ర్యంపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: పన్నులు తీసేయమని మొదలుపెట్టిన, బ్రిటన్ ఏలుబడిలోని అమెరికా వలసల నాయకులు ‘అసలు మీతో సంబంధమే వద్దు’ అనే దాకా ఎప్పుడు వెళ్లారు? బోస్టన్ టీ గొడవతోనేనా?

జవాబు: కాదు. 1773 డిసెంబరు 16న సుంకానికి నిరసనగా వలసవాళ్లు 342 టీ పెట్టెలను బోస్టన్ రేవు నీళ్లలో పారేశారు. అప్పటికి స్వాతంత్ర్యం కావాలని బాహాటంగా అడిగినవాళ్లు దాదాపు లేరు. మలుపు ఎక్కడో తెలియాలంటే గొడవలను పక్కనపెట్టి, అర్జీలు ఎవరి పేర రాశారో చూడాలి.

1765లో బ్రిటన్ పార్లమెంటు స్టాంపు చట్టం చేసింది. కోర్టు కాగితాలకు, పత్రికలకు, ఆఖరికి పేకముక్కలకూ పన్ను. ఆ అక్టోబరులో 9 వలసల ప్రతినిధులు న్యూయార్కులో కూర్చుని మూడు అర్జీలు రాశారు. ఒకటి రాజుకు, మిగతా రెండు పార్లమెంటులోని ప్రభువుల సభకు, కామన్స్ సభకు. పార్లమెంటు పెద్దరికాన్ని కాదనలేదు. మా ప్రతినిధులు లేని సభ మా మీద పన్ను వేయకూడదన్నారు, అంతే. 1766 మార్చిలో పార్లమెంటు ఆ చట్టాన్ని రద్దు చేసింది. చేస్తూనే, వలసల విషయంలో ఏ చట్టమైనా చేసే హక్కు తనకుందని ఇంకో చట్టం రాసిపెట్టుకుంది. మెలిక అక్కడ పడింది. తర్వాతి తగవంతా ఆ హక్కు గురించే. టీ సంగతీ అదే: 1773 చట్టం వల్ల టీ ధర తగ్గింది గానీ పెరగలేదు. పౌను బరువు టీకి 3 పెన్నీల సుంకం మాత్రం అలాగే ఉంది. చౌకగా వస్తోందని కొంటే ఆ హక్కును ఒప్పుకున్నట్టవుతుంది. (ఆ టీ మనకు బాగా తెలిసిన ఈస్టిండియా కంపెనీదే. కంపెనీని అప్పుల్లోంచి గట్టెక్కించడానికే ఆ చట్టం తెచ్చారు.)

టీ పారేసినందుకు శిక్షగా 1774లో బోస్టన్ రేవు మూసేశారు. మసాచుసెట్స్‌లో ఊరి సభలు జరపాలన్నా గవర్నరు అనుమతి కావాలన్నారు. ఆ సెప్టెంబరులో జార్జియా తప్ప 12 వలసల వాళ్లు ఫిలడెల్ఫియాలో చేరారు. అదే మొదటి కాంటినెంటల్ కాంగ్రెస్. ఈసారి అర్జీ రాజుకు వెళ్లింది, పార్లమెంటుకు వెళ్లలేదు. మరిచిపోయి కాదు, కావాలనే. అమెరికాకు వేరే సభ ఉండి, అది పార్లమెంటుతో కలిసి చట్టాలు చేయాలని జోసెఫ్ గాలొవే తెచ్చిన రాజీ ప్రతిపాదన 6–5 ఓట్లతో పక్కకు పోయింది. మా దృష్టిలో అసలు మలుపు ఇదే. పార్లమెంటుతో తెగిపోయింది, మిగిలిన ముడి రాజు ఒక్కడే.

ప్రశ్న: బ్రిటన్ సరుకు కొనకూడదని 1774లో ఆ కాంగ్రెస్ పెట్టిన బహిష్కారాన్ని అంత పెద్ద ప్రాంతంలో ఎలా అమలు చేయగలిగారు? వ్యాపారులు తప్పించుకోలేదా?

జవాబు: నిబంధనలు పకడ్బందీగా రాశారు. 1774 డిసెంబరు 1 నుంచి బ్రిటన్ సరుకు దిగుమతి బంద్. ఆ తర్వాత 1775 ఫిబ్రవరి 1 లోపు ఓడ వస్తే యజమానికి మూడు దారులు. సరుకు వెనక్కి పంపాలి, లేదా తన పూచీ మీద స్థానిక కమిటీ గిడ్డంగిలో ఉంచాలి, లేదా కమిటీ చేత అమ్మించాలి. అమ్మితే అసలు ఖరీదు యజమానికి, లాభం బోస్టన్ పేదలకు. ఫిబ్రవరి 1 దాటి వస్తే మూట విప్పకుండా తిప్పి పంపడమే.

ప్రతి కౌంటీలో, పట్టణంలో ఓటర్లే కమిటీని ఎన్నుకోవాలి. మాట తప్పినవాడి పేరు పత్రికలో వేస్తారు, ఇక వాడితో ఎవరూ బేరసారాలు చేయరు. ఊళ్లో పరువుతో బతికే వ్యాపారికి జరిమానా కన్నా ఇదే ఎక్కువ భయం.

లొసుగులు లేవని కాదు. ఎగుమతుల నిషేధాన్ని 1775 సెప్టెంబరు 10 దాకా వాయిదా వేశారు, వర్జీనియా వాళ్ల పొగాకు అమ్ముడుపోవాలి కాబట్టి. సౌత్ కరోలినా పట్టుబట్టి బియ్యానికి మినహాయింపు తెచ్చుకుంది. అయినా ఆ కమిటీల వల్ల జరిగిన పెద్ద మేలు వేరే ఉంది. రాజు గవర్నర్లు చేతులెత్తేసేనాటికి ఊరూరా పని చేసే పాలన సిద్ధంగా ఉంది.

ప్రశ్న: 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్‌లో బ్రిటిష్ సైనికులకూ వలసల దళానికీ మధ్య కాల్పులు జరిగాయి కదా. స్వాతంత్ర్యం ప్రకటించడానికి ఇంకో పద్నాలుగు నెలలు ఎందుకు పట్టింది?

జవాబు: ప్రతినిధులకు స్వేచ్ఛ లేదు. కాంగ్రెస్‌లో వలసకు ఒక్క ఓటు. ఆ ఓటు ఎటు వేయాలో ఇంటి దగ్గరి సభ తాఖీదు ఇస్తుంది. విడిపోయే తీర్మానం ఏదొచ్చినా వ్యతిరేకించమని పెన్సిల్వేనియా సభ 1775 నవంబరులో రాసి పంపింది. కాబట్టి ఫిలడెల్ఫియాలో ఉపన్యాసాలు ఇస్తే సరిపోదు, ఒక్కో వలస తాఖీదూ మార్పించాలి.

ఆశ కూడా చావలేదు. జూన్‌లో వాషింగ్టన్‌ను సేనానిగా నియమించిన కాంగ్రెసే, జులైలో పెన్సిల్వేనియా ప్రతినిధి జాన్ డికిన్సన్ పట్టుదల మీద రాజుకు ఇంకో విన్నపం పంపింది. రాజు దాన్ని స్వీకరించనేలేదు. ఆగస్టు 23న వలసలు తిరుగుబాటు చేస్తున్నాయని ప్రకటించాడు. డిసెంబరులో అమెరికా ఓడలను శత్రువుల ఓడల్లా పట్టుకోవచ్చని పార్లమెంటు చట్టం చేసింది. జర్మన్ సేనలను కిరాయికి తెచ్చారు. 1776 జనవరిలో థామస్ పెయిన్ చిన్న పుస్తకం అసలు రాజరికమే దండగన్నది. అప్పటిదాకా మంత్రులదే తప్పు, రాజు మంచివాడే అని సర్దుకున్నవాళ్లకు ఇక ఆ మాట అనే వీలు లేకపోయింది.

మందుగుండు కొరత ఇంకో కారణం. ఫ్రాన్స్‌తో బాహాటంగా ఒప్పందం కావాలి. ఇంగ్లండు రాజు ప్రజలమని చెప్పుకుంటూ ఉంటే ఏ దేశం సంతకం పెడుతుంది?

ఏప్రిల్ 12న నార్త్ కరోలినా స్వాతంత్ర్యానికి ఓటు వేయడానికి తన ప్రతినిధులకు అనుమతి ఇచ్చింది. మే 15న వర్జీనియా ఇంకో అడుగు వేసి, తీర్మానం మీరే పెట్టమని తన ప్రతినిధులకు చెప్పింది. అదే రోజు, రాజు పేర నడిచే అధికారాన్ని పూర్తిగా తీసేయాలని జాన్ ఆడమ్స్ రాసిన పీఠికతో ఒక తీర్మానంలో కాంగ్రెస్ చెప్పింది. ఆ దెబ్బ గురి ముఖ్యంగా పెన్సిల్వేనియా సభే. జూన్ 7న వర్జీనియా ప్రతినిధి రిచర్డ్ హెన్రీ లీ స్వాతంత్ర్య తీర్మానం పెట్టాడు. కొన్ని వలసలు ఇంకా సిద్ధంగా లేవని ఓటును జులై 1కి వాయిదా వేశారు. ఆలోపు ముసాయిదా రాయడానికి ఐదుగురి కమిటీ వేశారు. మేరీలాండ్ తాఖీదు జూన్ 28న గానీ మారలేదు.

ప్రశ్న: స్వాతంత్ర్య దినం జులై 2 అని కొందరంటారు. ఏది నిజం?

జవాబు: ఓటు 2న, ప్రకటన పాఠం 4న. జులై 1న చూసిన లెక్కలో 9 వలసలు ఔనన్నాయి, పెన్సిల్వేనియా, సౌత్ కరోలినా కాదన్నాయి, డెలావేర్ ఇద్దరూ చెరోవైపు, న్యూయార్కుకు తాఖీదు లేదు. మర్నాటికి డెలావేర్ మూడో ప్రతినిధి సీజర్ రోడ్నీ రాత్రంతా గుర్రం మీద వచ్చి ఆ ముడి విప్పాడు. డికిన్సన్, రాబర్ట్ మోరిస్ కావాలనే సభకు రాలేదు, దాంతో పెన్సిల్వేనియా ఇటు తిరిగింది. సౌత్ కరోలినా మనసు మార్చుకుంది. 12 వలసలు ఔనన్నాయి, కాదన్నది ఒక్కటీ లేదు. న్యూయార్కు అంగీకారం 9న వచ్చింది. చాలామంది సంతకాలు పెట్టింది ఆగస్టు 2న.

ప్రశ్న: పన్నులు వేసింది పార్లమెంటు. ప్రకటనలో నిందలన్నీ రాజుకెందుకు?

జవాబు: మొదటి జవాబులోని అర్జీలను గుర్తు చేసుకోండి. పార్లమెంటుకు తమపై అధికారమే లేదన్నాక, దానితో సంబంధం తెంచుకుంటున్నామని రాస్తే అధికారం ఉండేదని ఒప్పుకున్నట్టే. అందుకే ప్రకటనలో పార్లమెంటు అన్న మాటే కనిపించదు, ‘వాళ్ల శాసనసభ’ అని మాత్రం ఒకచోట వస్తుంది. ప్రకటన ముసాయిదా రాసిన థామస్ జెఫర్సన్ అందులో బానిసల వ్యాపారాన్ని కూడా రాజు ఖాతాలోనే వేశాడు. సౌత్ కరోలినా, జార్జియా ఒప్పుకోలేదు. కాంగ్రెస్ ఆ పేరా మొత్తం కొట్టేసింది.